వెనక మనిషి

లాడ్జి మేడ మీద గది, కొండ ఊరు
ఎండలు ముదురుతున్న రోజులు

వదినా,

చేరాను. బస్సు ప్రతి మలుపులోనూ కడుపులో ఉన్నదంతా బయటికి తెప్పించింది. పక్కన కూర్చున్నాయన జాలిపడి తన టోపీ ఇచ్చాడు, అందులో కక్కుకోమని. నేనెంత సిగ్గులేనిదాన్నో చూడు, మొహమాటపడకుండా తీసుకున్నాను.

ఊరంటే ఒకటే వీధి. ఆ చివర నది, ఈ చివర కొండ. ప్రతి కొట్టు ముందూ ఒకే రకం బోర్డు. ఎండాకాలం పడవలు, వానలు తగ్గాక బండ మీద తాళ్ళు, చలికాలం మంచు మీద జారుడు, ఆ తర్వాత కొండ దిగే సైకిళ్ళు. ఏడాది పొడుగునా జనం పనిగట్టుకుని వచ్చి ఒళ్ళు విరగ్గొట్టుకునే ఊరు ఇది. వీధిలో సగం మంది కుంటుతుంటారు, అదీ ఏదో పతకం గెలిచినట్టు కుంటుతుంటారు.

గాలి మార్పు కోసం వెళ్తున్నానని నీతో చెప్పాను కదా, అబద్ధం. నీకు అబద్ధం చెప్పి ఒక్క పూట కూడా ఉండలేను కాబట్టి ఇప్పుడు నిజం రాస్తున్నాను. అన్నయ్య ఇక్కడి పడవల పనిలో ఉండగా నీళ్ళలో మునిగి పోయాడని కాగితం ఇచ్చారు. మునిగినవాడి దవడ ఎందుకు విరుగుతుంది? ఆ గుడ్డ తొలగించి చూసింది నేను. నువ్వు గోడవైపు తిరిగి కూర్చున్నావు. నేను చూశాను వదినా, దవడ పక్కకి జరిగిపోయి ఉంది. నీళ్ళు పిడికిలి బిగించి కొట్టవు. శవాన్ని తెచ్చిన జీపు డ్రైవరు నాతో చెప్పాడు, "ఆ పొద్దున మా పడవ మాస్టారూ ఈయనా ఒడ్డు మీద కొట్టుకున్నారమ్మా" అని.

ఆ మాస్టారు ఇంకా ఇక్కడే దర్జాగా పడవ నడుపుతున్నాడు. వాణ్ణి చంపే వస్తాను.

అమ్మ పోయాక నాకు జడ వేసింది అన్నయ్య. బస్సులో నా మీద చెయ్యి వేసినవాడి మణికట్టు విరిచి నా చేతికి పుస్తకాల సంచి అందించింది అన్నయ్య. అలాంటివాడికి నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు. ఆపడానికి మాత్రం రాయకు.

నీ మరదలు


కుట్టు షాపు
అదే నెల

ఏమే కొరివీ,

నీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని చదువుతూ సూది వేలిలోకి దించుకున్నాను. స్కూలు యూనిఫారాలు నా నెత్తిన కుప్పపోసి ఉన్నాయి, కాజాలు కుట్టేవాడు మొహం చాటేశాడు, పైన నువ్వొకత్తివి. చంపుతుందట! కోడిని పట్టుకోమంటే పెరడంతా పరిగెత్తించి చివరికి వదిలేసిన మహాతల్లివి.

నీ అన్న పోయాడు. పోయినవాణ్ణి పోనీ. ఆ మాస్టారి జోలికి వెళ్ళకు. ఎందుకని అడక్కు. నా మాట ఎప్పుడైనా కాదన్నావా? ఇది ఒక్కటీ విను. నువ్వు జైల్లో కూర్చుంటే వారం వారం క్యారియరు పట్టుకుని రావడానికి నాకు ఓపిక లేదు.

వచ్చిన దానివి నాలుగు రోజులుండి కొండలు చూసి రా. నది దగ్గరికి వెళ్తే షెడ్డు పక్క మెట్లు పాచిపట్టి ఉంటాయి, ఆఖరి మెట్టు విరిగి ఉంటుంది, చూసుకుని దిగు. స్వెట్టరు పెట్టె అడుగున పెట్టాను. వేసుకో, మడతపెట్టి దాచుకోకు.

మీ వదిన


పడవల షెడ్డు, కొండ ఊరు
నది పొంగుతున్న రోజులు

వదినా,

రమ్మన్నావు, రాలేదు. పైగా ఉద్యోగంలో చేరాను. నేను డ్రిల్ టీచరునని తెలియగానే ఓనరు ఎగిరి గంతేశాడు. పడవెక్కే ముందు టూరిస్టుల చేత కాళ్ళూ చేతులూ ఆడించడం, చిరిగిన పడవలకు అతుకులు వేయడం, తడిసిన జాకెట్లు ఆరేయడం నా పనులు. స్కూలుకి జీతం లేని సెలవు రాసి పంపేశాను.

వాణ్ణి చూశాను. పొడుగ్గా, నల్లగా, మాట లేకుండా ఉంటాడు. కుడిచేతికి రెండు వేళ్ళు మొదలంటా లేవు. అందుకే 'మూడువేళ్ళ మాస్టారు' అంటారు. అన్నయ్య పోయిన రోజే పోయాయట ఆ వేళ్ళు. ఎలా పోయాయని అడిగితే అందరూ నోళ్ళకి తాళాలు వేసుకుంటారు. అన్నయ్యే కొరికేసి ఉంటాడు. మంచి పని చేశాడు.

మొదటిసారి వాడి పడవలోనే ఎక్కాను. నది ఇంత పిచ్చిదని నాకు తెలియదు. పడవ నిట్టనిలువుగా లేచి, ముందున్న లావుపాటాయన ఎగిరొచ్చి నా మీద పడ్డాడు. ఆయన మోకాలు తగిలి నా పెదవి చీలింది. మింగుతున్నది నీళ్ళో రక్తమో తెలియలేదు. ఇంకొకామె నీళ్ళలో పడితే మాస్టారు మెడ దగ్గర జాకెట్టు పట్టుకుని చేపను లాగినట్టు లాగి లోపల పడేశాడు. ఒడ్డుకొచ్చాక కూడా మళ్ళీ ఎప్పుడెక్కుతానా అనే ఉంది. నన్ను తిట్టు.

పనివాళ్ళకి తాడు విసరడం నేర్పాడు. నీళ్ళలో పడ్డవాడికి ఒడ్డు మీద నుంచి తాడు విసరాలి. విసిరేవాడి వెనక ఇంకొక మనిషి తాడు కొస పట్టుకుని నేల మీద కూర్చోవాలి. అలా కూర్చునేవాళ్ళని ఇక్కడ 'వెనక మనిషి' అంటారు. వెనక మనిషి లేకుండా విసరకూడదు, ఏం జరిగినా తాడుని చేతికి చుట్టుకోకూడదు. నది లాగిందంటే చెయ్యి ఉండదు. ఇది చెప్తున్నప్పుడు వాడు మా ఎవరి మొహాల్లోకీ చూడలేదు.

నిన్న పెద్ద గొడవైంది. ఇక్కడ రెండు కంపెనీలు. పొద్దున్నే ఎవరి పడవ ముందు నీళ్ళను తాకితే ఒడ్డు మీదున్న టూరిస్టులు ఆ రోజుకి వాళ్ళ వాళ్ళు, అదీ లెక్క. నిన్న రెండూ ఒక్కసారే తాకాయి. అంతే, తెడ్లు లేచాయి. ఒకడి పళ్ళు రాళ్ళ మీద రాలడం నా కళ్ళతో చూశాను. మాస్టారు ఒక్క గుద్దు గుద్దితే వాడికన్నా బలిసినవాడు కూలబడి లేవలేదు. ఆ గుద్దు చూశాక నాకు ఇక అనుమానం లేదు. నేనూ ఊరుకోలేదు, నా మీదకి వచ్చినవాడి మోకాలిచిప్ప మీద తెడ్డుతో ఒకటిచ్చాను. టక్కుమంది. హాయిగా అనిపించింది వదినా, దాచడమెందుకు.

వానలు తగ్గాక బండ ఎక్కే పని మొదలవుతుంది. పైన ఎక్కేవాడి ప్రాణం కింద తాడు పట్టేవాళ్ళ చేతిలో ఉంటుంది. మాస్టారి తాడు నేనే పట్టేలా చూసుకుంటున్నాను. ఎవరికీ అనుమానం రాదు. జారిందంటాను.

నీ మరదలు


కుట్టు షాపు
ముసురు

అమ్మాయ్,

ఆ తాడు పట్టుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, నువ్వు చిన్నదానివైనా సరే పట్టుకుంటాను. అతను చంపలేదు. నాకెలా తెలుసని అడుగుతావు. తెలుసు. ఎదురుగా కూర్చుంటే చెప్తాను, కాగితం మీద పెట్టలేను. వెంటనే బస్సెక్కు.

బస్సు ఛార్జీ ఈ కవరులోనే పెట్టాను.

మీ వదిన


లాడ్జి మేడ మీద గది, కొండ ఊరు
వానలు వెలిసిన వారం

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికే తాడు వదిలేశాను. జారలేదు, వదిలేశాను.

చాలా ఎత్తులో ఉన్నాడు. టూరిస్టుల కోసం పైన కొక్కెం బిగిస్తున్నాడు. చేతులు తెరిచాను, తాడు బుసకొడుతూ పోయింది. అతను అరవలేదు. అదే నన్ను చంపేసింది. అరిచి ఉంటే పోనిచ్చేదాన్నేమో. ఏమీ అనకుండా వెనక్కి పడుతుంటే నా చేతులు వాటంతట అవే మూసుకున్నాయి. తాడు అరచేతుల తోలు ఒలుచుకుపోయింది, మాంసం కనిపించింది. నేలకి కాస్త ఎత్తులో ఆగాడు, ఆగుతూ బండకేసి కొట్టుకున్నాడు. తొడ ఎముక పుటుక్కున విరిగిన చప్పుడు కింద నాకు వినిపించింది.

ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టారు. అందరూ నా చేతులకి కట్టు కట్టి నన్ను మెచ్చుకున్నారు, ప్రాణాలకి తెగించి ఆపానని! వాళ్ళు బయటికి వెళ్ళాక అతను నా వైపు తిరిగాడు.

"నువ్వు వాడి చెల్లెలివి. మొదటి రోజే పోల్చుకున్నా. కోపమొస్తే పళ్ళు కొరికే తీరు అచ్చం వాడిదే."

"తెలిసి నా చేతికి తాడెందుకిచ్చావు?"

"వాణ్ణి నేను చంపానో లేదో నాకే తెలీదు. నీకైనా తెలుసేమోనని."

అప్పుడు చెప్పాడు. ఆ పొద్దున అన్నయ్య ఒడ్డు మీద ఒకామెని తెడ్డుతో కొడుతున్నాడట. పడిపోయినా ఆపకుండా కొడుతుంటే ఇతను అడ్డం వెళ్ళి దవడ పగలగొట్టాడట. అన్నయ్య రోషంతో ఒక్కడే పడవ తోసుకుని నదిలోకి వెళ్ళాడు. విరిగిన దవడ కింద హెల్మెట్ పట్టీ బిగించుకోలేకపోయాడు. నది మొదటి దూకుడుకే పడవ బోల్తాపడింది, హెల్మెట్ ఊడిపోయింది, తల రాయికి తగిలింది. ఇతను తాడు విసిరాడు. అన్నయ్య పట్టుకున్నాడు కూడా. ఆపడానికి ఇతను తాడుని చేతికి చుట్టుకున్నాడు. వేళ్ళు తాడుతోపాటే పోయాయి. వాటితో అన్నయ్యా పోయాడు.

"చుట్టుకోకూడదని మాకు నేర్పేది నువ్వే కదా. నీ వెనక మనిషి ఏమయ్యాడు?" అన్నాను. గోడవైపు తిరిగిపోయాడు.

వీధిలో టీకొట్టు నడిపే పెద్దమ్మ, నా చేతులకి కట్లున్నాయని రోజూ నాకు జడ వేస్తున్న ముసలామె, మిగతాది ఆమె చెప్పింది. నెత్తీ నోరూ కొట్టుకుని అడిగితే గానీ చెప్పలేదు. వెనక ఒకామె ఉందట. తాడు కొస ఆమె కాళ్ళ ముందే పడి ఉందట. "పట్టుకోమ్మా, పట్టుకో" అని మాస్టారు అరుస్తూనే ఉన్నాడట. ఆమె చూస్తూ నిలబడిందట. తర్వాత పెద్దమ్మే ఆమె మొహం మీద రక్తం కడిగి, శవం దొరకక ముందే బస్సెక్కించిందట. "ఎవరో కాదమ్మా, ఆ పోయినవాడి పెళ్ళామే" అంది.

బట్టల ఆర్డరు కోసం పక్క ఊరు వెళ్తున్నానని ఆ వారం నువ్వు నాతో చెప్పావు. ఈ ఊరు నువ్వెప్పుడూ చూడలేదన్నావు. మరి షెడ్డు పక్క మెట్టు విరిగిందని నీకెవరు చెప్పారు? అప్పుడే నాకు వెలగాల్సింది. నా బుర్రకి బుద్ధి లేదు.

అన్నయ్య కొట్టాడంటే నమ్మను. నమ్మినా, కొడితే కొట్టాడు, దానికి చచ్చిపోవాలా? నీ కళ్ళ ముందు కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడతావా? శవం మీద పడి ఏడ్చావే, ఆ ఏడుపు ఏ కొట్లో కొన్నావు? ఇన్నాళ్ళూ వేరేవాడి మీద పడి అతని కాలు విరగ్గొట్టాను. చేతులకి తోలు రానీ, వస్తాను. నీతో మాట్లాడటానికి కాదు.

నీ


కుట్టు షాపు
చలి మొదలైంది

అమ్మాయ్,

సంతకం దగ్గర 'నీ' అని రాసి ఆగిపోయావు. అలవాటుగా రాశావో, కొట్టేయడం మర్చిపోయావో నాకు తెలియదు.

పట్టుకోలేదు. అవును. ఎందుకు పట్టుకోలేదని అడుగుతావేమో, అడగాల్సింది అది కాదు. అంతకుముందు ప్రతిసారీ ఎందుకు పట్టుకున్నాను, అది అడుగు. నీ అన్న కాలు జారిన ప్రతిసారీ నేనే లాగాను. పని పోగొట్టుకుంటే లాగాను, తాగి రోడ్డు మీద పడిపోతే లాగాను. లాగిన చేతిని ఇంటికి తీసుకెళ్ళి మెలిపెట్టేవాడు. నువ్వు సెలవులకి వచ్చేలోపు దెబ్బలు మానేలా చూసుకునేవాడు, అంత తెలివి. నీకు నీళ్ళు కాచిపెట్టి నా దగ్గరికొచ్చి, "దానికి చెప్పావో నిన్ను పాతేస్తా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు నవ్వేవాడు కూడా. నీకు అన్న మంచివాడే. అబద్ధం కాదు. నా వాటాకి ఇంకొకడు వచ్చాడు.

ఆ ఊరు ఎందుకెళ్ళానంటే, ఇక ఇంటికి రావద్దని మొహం మీద చెప్పడానికి. వీధి నిండా మనుషులుంటారు కదా, అక్కడ చెయ్యెత్తడనుకున్నాను. చూడు నా తెలివి. మాట పూర్తికాకముందే తెడ్డు పడింది. ఎడమచెవి మీద. ఆ రోజు నుంచి ఆ చెవికి ఏమీ వినపడదు. నువ్వు అటువైపు కూర్చుని మాట్లాడితే పరధ్యానంగా ఉన్నానని విసుక్కునేదానివి.

మాస్టారు "పట్టుకో" అని అరవడం రెండో చెవితో విన్నాను. స్పష్టంగానే విన్నాను. తాడు నా కాళ్ళ దగ్గర పాములా జరుగుతూ పోతోంది. వంగితే చాలు. వంగితే వాడు ఒడ్డెక్కుతాడు, ఒడ్డెక్కితే నన్ను చంపుతాడు. ఆలోచించడానికి అంతసేపు కూడా పట్టలేదు, నా నడుము వంగనంది. అతని వేళ్ళు పోవడం మాత్రం నా పాపమే, అది నేను మోస్తాను. నీ అన్నది మోయను. ఏడ్చింది నిజం, ఏ కొట్లోనూ కొనలేదు. పన్నెండేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు ఏడుపు రాదా?

నీకు ఎందుకు చెప్పలేదంటావా, నీకున్నది ఒక్క అన్నే. అతణ్ణి కూడా నీ దగ్గర లాక్కోవడం దేనికని ఊరుకున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

వస్తానన్నావు, రా. తలుపు తీసే ఉంటుంది. మిషను దగ్గరే ఉంటాను, ఎక్కడికీ పారిపోను. కొట్టదలుచుకుంటే కుడిచెవి ఒక్కటి వదిలెయ్. షాపు నడుపుకోవాలి.

మీ వదిన


టీకొట్టు, కొండ ఊరు
మంచు

వదినా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. చింపి, ముక్కలు మంచులో తొక్కి, సంచి సర్దుకుని బస్టాండుకి బయల్దేరాను. నువ్వు రాసినదంతా నిజమని తెలుస్తూనే ఉంది, అందుకే ఒళ్ళు ఇంకా మండిపోతోంది. దారంతా నిన్ను ఏమేం చెయ్యాలో అనుకుంటూ నడిచాను. అవి ఇక్కడ రాయను.

రోడ్డు మీద మంచు ఎత్తిపోస్తున్నారు. టూరిస్టులు జారుడు చెక్కలు భుజాన వేసుకుని నవ్వుకుంటూ పోతున్నారు. టీకొట్టు పెద్దమ్మ నన్ను చూసి పరిగెత్తుకొచ్చి సంచి పట్టుకుంది. "ఈ మొహంతో ఎక్కడికే? ఆ పిల్ల, మీ వదిన దగ్గరికేనా? ఒక కప్పు టీ తాగి, కోపం చల్లారాక వెళ్ళు తల్లీ" అంది. వదలమన్నాను. వదల్లేదు. గోడకి ఆనించిన పార చేతికి దొరికింది.

వదినా, నాకది ఎంత తేలిగ్గా వచ్చిందో! ఎప్పటి నుంచో తెలిసిన పనిలా వచ్చింది. ఆమె భుజం ఎముక విరిగింది. మంచులో పడిపోయి రెండో చేత్తో చెవి మూసుకుంది. నేను రెండోసారి కూడా ఎత్తాను. ఆమె కింద పడి ఉంది, నాకు జడ వేసిన ముసలామె, నేను రెండోసారి ఎత్తాను. ఎత్తిన పార ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు. చంకకర్రల మీద కుంటుకుంటూ వచ్చిన మాస్టారు. మిగతావాళ్ళంతా నిలబడిపోయి నన్ను చూస్తున్నారు. ఒడ్డు మీద అన్నయ్యని కూడా అలాగే చూసి ఉంటారు.

ఆమె పోలీసులకి చెప్పనంది. జారిపడ్డానంది. అబద్ధం చెప్పడం ఇక్కడ అందరికీ ఎంత బాగా వచ్చో. ఇప్పుడు ఆమె కొట్టు నేను నడుపుతున్నాను. కప్పు అందించడానికి నేను చెయ్యి చాపితే ఆమె తెలియకుండానే వెనక్కి జరుగుతుంది, మళ్ళీ నేను బాధపడతానని నవ్వుతుంది. నువ్వు కూడా ఇలాగే నవ్వుతూ ఉండి ఉంటావు, నేను సెలవులకి వచ్చినప్పుడల్లా. నేను పక్కనే కూర్చుని తిని పోయేదాన్ని.

నిన్ను క్షమించానని రాయలేను. అన్నయ్య కలలోకి వచ్చి తాడు అడుగుతున్నాడు. లేచిన ప్రతిసారీ నీ మీద కోపంతోనే లేస్తున్నాను. ఆ కాసేపూ నేను మనిషిని కాను. చలికాలం పోయాక రావాలనిపిస్తుంది. నిన్ను చూడాలనిపిస్తుంది. ఆ రెండిట్లో ఏది ఎందుకో నాకు తెలియదు.

అందుకని చెప్తున్నాను. తలుపు తీసి ఉంచొద్దు. బుద్ధొచ్చింది, వస్తున్నాను అని నేను రాసినా నమ్మొద్దు. గుమ్మంలో నిలబడి ఏడ్చినా తీయొద్దు. కాజాలు కుట్టేవాణ్ణి పంపించి పెద్ద గొళ్ళెం తెప్పించుకో.

వేసుకో వదినా. పగలు కూడా.

నీ మరదలు